చేతి వణుకు, కడుపులోని సూక్ష్మజీవి

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వణుకు జబ్బు మీద ఒక చిన్న పుస్తకం రాశారు. అందులో ఆయన వర్ణించిన రోగులు ఆరుగురే. చేతుల వణుకు, ముందుకు తూలే నడకతో పాటు మలబద్ధకాన్ని కూడా ఆయన నమోదు చేశారు. ఆ చివరి మాటను చాలాకాలం ఎవరూ అంతగా పట్టించుకోలేదు. రోగుల మెదడులో డోపమిన్ అనే రసాయనం బాగా తగ్గిపోతుందని 1960లో వియన్నాలో తేలడంతో చూపంతా మెదడు మీదే నిలిచింది. ఆ లోటు తీర్చే మందు లెవోడోపా. (మన దూలగొండి గింజల్లోనూ ఇది ఉంది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి దాన్ని వేరుచేశారు. ఈ జబ్బుకు మందవుతుందని అప్పటికి ఎవరూ ఊహించలేదు!)

ఇక కడుపు సంగతి చూద్దాం. జీర్ణాశయంలోని ఆమ్లంలో సూక్ష్మజీవులు బతకలేవని వైద్యులు నమ్మేవారు. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ రోగుల జీర్ణాశయం నుంచి తీసిన ఒక సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పెంచి చూపారు. అదే హెలికోబ్యాక్టర్ పైలోరి. 1984లో మార్షల్ దాన్ని స్వయంగా తాగి జబ్బు తెచ్చుకున్నారు. కడుపు పుండ్లకు అదే ముఖ్య కారణమని క్రమంగా రుజువైంది. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ రెండు కథలూ ఎక్కడ కలుస్తాయి? పార్కిన్సన్ రోగుల్లో కడుపు పుండ్లు ఎక్కువని 1960లలోనే కొందరు వైద్యులు గమనించారు. 2003లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హైకో బ్రాక్, ఈ జబ్బు పేగుల దగ్గరి నాడుల్లో మొదలై మెదడుకు పాకుతుందేమోనని ప్రతిపాదించారు. దాంతో అనుమానం పైలోరి మీదికీ మళ్లింది.

ఇక్కడ మీరు ఒక విషయం గుర్తుంచుకోవాలి. లెవోడోపా రక్తంలో కలిసేది జీర్ణాశయంలో కాదు, చిన్నపేగు మొదటి భాగంలో. జీర్ణాశయం దెబ్బతిని మాత్ర అక్కడే ఆగిపోతే మందు ఆలస్యంగా అందుతుంది, ఒక్కోసారి చాలదు కూడా. 2006లో ఇటలీ వైద్యులు పైలోరిని తొలగించాక మందు రక్తంలోకి మెరుగ్గా చేరిందని ప్రకటించారు. రోగుల ఇళ్లలో ఇది ఎంత ఆశ రేపి ఉంటుందో ఊహించండి.

2020లో మలేసియా వైద్యులు మరింత పకడ్బందీగా పరీక్షించారు. పైలోరి ఉన్న పార్కిన్సన్ రోగుల్లో కొందరికి యాంటీబయాటిక్స్, కొందరికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో రోగులకు తెలియదు. ఏడాది దాకా గమనించినా కదలికల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

పైగా మన దేశంలో పెద్దవాళ్లలో చాలామంది కడుపులో ఈ సూక్ష్మజీవి ఉంటుంది. వారిలో పార్కిన్సన్ వచ్చేది బహు కొద్దిమందికి. అందుకే పరీక్షలో పైలోరి బయటపడి, పుండు ఉన్నవారికి వైద్యులు దాన్ని తొలగించే మందులు ఇస్తారు గానీ, చేతి వణుకు తగ్గించడానికని ఇవ్వరు.