ఎండలో పెట్టిన సెల్లులు

టార్చిలైటు వెలుగు ఎర్రబడగానే సెల్లులు తీసి ఎండలో పెట్టడం మన పల్లెల్లో రెండు మూడు తరాలు నడిచిన అలవాటు. చదువుకున్నవాళ్లు దాన్ని అమాయకత్వం కింద జమకట్టారు. ఎండకు ఛార్జి ఎక్కదన్న మాట నిజమే. కానీ సెల్లు లోపల జరిగేది చూస్తే ఆ ఇళ్లవాళ్ల అంచనా తప్పనిపించదు. లెక్లాంషే 1866లో చేసిన తడి సెల్లును గాస్నర్ 1880లలో పొడి సెల్లుగా మార్చాడు. జింకు డబ్బా, నడుమ బొగ్గు కడ్డీ, దాని చుట్టూ మాంగనీస్ డయాక్సైడ్ నల్లపొడి, కళాయి వేసేవాళ్లు వాడే నవసాగరం కలిపిన ముద్ద. టార్చి గట్టిగా కరెంటు లాగితే నల్లపొడి రేణువుల పైపొర ముందే చచ్చుబడుతుంది, లోపలిది వాడకుండానే మిగిలిపోతుంది. విశ్రాంతి ఇస్తే ఆ తేడా కొంత సర్దుకుంటుంది, వేడి ఆ పనిని త్వరపెడుతుంది. అంటే ఎండ కొత్త శక్తి ఇవ్వలేదు, అందకుండా ఉన్నదాన్ని కాస్త అందించింది. వేడికి సెల్లు పాడవదా, కారదా అనొచ్చు. పారేయబోయే సెల్లుకు పాడవడం నష్టమేమీ కాదు గానీ, కారిన రసం టార్చి స్ప్రింగును తినేయడం మాత్రం నిజమైన నష్టమే.

మరి నిజంగానే ఛార్జి చేసుకోవచ్చుగా? పొడి సెల్లుకు అది కొంతవరకు సాధ్యమే. అమెరికా జాతీయ ప్రమాణాల బ్యూరో అందుకు షరతులు కూడా రాసింది: వోల్టేజి 1.0 కంటే దిగకముందే తీయాలి, వెంటనే ఛార్జికి పెట్టాలి, వాడినదానికి 120 నుంచి 180 శాతం దాకా 12–16 గంటలపాటు మెల్లగా ఎక్కించాలి, ఎక్కించాక నిల్వ ఉంచకుండా వాడేయాలి. ఇదంతా మీటరూ గోడకు ప్లగ్గూ ఉన్న ఇంటి మాట. స్వాతంత్ర్యం నాటికి దేశంలో కరెంటున్న గ్రామాలు సుమారు 1,500 మాత్రమే. సెల్లు అవసరం ఎక్కడ ఎక్కువో ఛార్జి చేసే వీలు అక్కడే లేదు. ట్రాన్సిస్టర్ రేడియోలు ఊరూరా చేరాక, 1970లలో నెల్లూరులో నిప్పో సెల్లులు తయారవుతున్నప్పుడు కూడా చాలా పల్లె ఇళ్లలో ఇదే స్థితి.

కరెంటు వచ్చాకైనా ఛార్జింగు ఎందుకు అలవాటవలేదన్న ప్రశ్న న్యాయమైనదే. కరెంటు రాగానే టార్చి వాడకమే తగ్గింది. తర్వాత వచ్చిన ఆల్కలైన్ సెల్లుకు ఛార్జి పెడితే లోపల గ్యాసు పుట్టి కారుతుంది, పగలనూవచ్చు. రసాయన శాస్త్రవేత్త కోర్డెష్ పరిశోధన ఆధారంగా రేయోవాక్ కంపెనీ 1993లో అమెరికాలో తెచ్చిన ఛార్జి చేసే ఆల్కలైన్ సెల్లుకు ప్రత్యేక ఛార్జరు కావాలి, పైగా ఛార్జి చేసినకొద్దీ దాని సత్తువ తగ్గేది. ఇక ఇప్పుడు మన ఇళ్లలో సెల్లులు ఎక్కువగా ఉండేది గోడ గడియారంలో, రిమోట్‌లో. గడియారం అతి కొద్ది కరెంటును నెలల తరబడి లాగి సెల్లును దాదాపు పూర్తిగా ఖాళీ చేస్తుంది కాబట్టి, దాన్ని ఎండలో పెట్టినా పెద్దగా దక్కేదేమీ ఉండదు.