పూలు చల్లారు, కొలువు పీకారు: కోరంటి దవాఖాన నుంచి గాంధీ దాకా



చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ముందు చాయ్ తాగుతుంటే ఒక చెల్లె నన్ను నిలదీసింది. "అన్నా, నువ్వు చరిత్ర అంటే ఎప్పుడూ భూమి గురించో, బావి గురించో, గుడి గురించో రాస్తవు. మేం నర్సులం. కరోనాల చచ్చి బతికినం. మా చరిత్ర ఎవరు రాయాలె?" నా దగ్గర జవాబు లేదు. ఈ భాగం ఆ చెల్లె కోసం.

లైబ్రరీ చుట్టూ ఓసారి చూడండి. నారాయణగూడ వైపు నడిస్తే ఐపీఎం వస్తుంది. కుక్క కరిస్తే సూది కోసం మనం ఉరికే చోటు అదే. 2020లో కరోనా శాంపిళ్లు పరీక్షించిన ల్యాబుల్లో అదొకటి. ఇటు బాగ్‌లింగంపల్లి దాటి నల్లకుంట వైపు పోతే ఫీవర్ హాస్పిటల్. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మీదుగా ముషీరాబాద్ దాటితే గాంధీ. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే మీరంతా ఈ దవాఖానల మధ్యనే ఉంటున్నారు. రోగాల చరిత్ర సిలబస్‌లో ఉండదు, మీ హాస్టల్ చుట్టూ మాత్రం ఉంది.

ఫీవర్ హాస్పిటల్‌ని పాత మనుషులు ఇప్పటికీ కోరంటి దవాఖాన అంటారు. నేను చిన్నప్పుడు కోరంటి అంటే ఏదో ఊరి పేరనుకున్నాను. అది క్వారంటైన్ అన్న మాట. జనం నోట్లో నలిగి కోరంటి అయింది. 1911లో నగరాన్ని ప్లేగు పట్టింది. 1915లో ఎర్రన్నగుట్ట దగ్గర అంటురోగుల్ని వేరుగా ఉంచడానికి దవాఖాన పెట్టారు. 1923లో దాన్ని ఇప్పుడున్న చోటికి మార్చారు. తర్వాత దానికి సర్ రొనాల్డ్ రాస్ పేరు పెట్టారు.

రాస్ గొప్పతనాన్ని నేను కాదనను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. నోబెల్ కూడా వచ్చింది. కానీ ఆ దోమలు ఎవరి రక్తం తాగాయి? హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం. దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి అతన్ని కుట్టించారు. అణాలు తీసుకున్న మనిషి పేరు ఏ గోడ మీదా లేదు.

అదే 1897లో, రాస్ కంటే ఐదు నెలల ముందు, పుణెలో ఇంకో ఘటన జరిగింది. ప్లేగు వచ్చిన పాండురంగ్ బాబాజీ గైక్వాడ్ అనే మహర్ పిల్లవాడిని సావిత్రిబాయి ఫూలే తన వీపు మీద వేసుకుని, ఊరి శివారులో కొడుకు యశ్వంత్ నడుపుతున్న దవాఖానకు తీసుకెళ్లింది. పిల్లవాడు బతికాడు. ఆమెకు ప్లేగు అంటుకుంది. మార్చి 10న చనిపోయింది. మనం సావిత్రిబాయిని మొదటి పంతులమ్మగా తలుచుకుంటాం. ఆమె చివరి పని నర్సు పని. ఆనాటి సమాజం ముట్టకూడదన్న ఒంటిని ముట్టుకుని ఆమె చనిపోయింది.

ముట్టుకోవడం. నర్సు చరిత్ర అంతా ఈ ఒక్క మాటలో ఉంది. చీము, నెత్తురు, మలం, మూత్రం, పురిటి మైల, పీనుగ. కులం ఏవైతే మైల అన్నదో అవన్నీ నర్సు చేతుల్లోకే వస్తాయి. నర్సు రాకముందు పురుడు పోసిన మంత్రసాని ఏ కులాల మనిషి? చాలా ఊళ్లలో మంగలి, మాదిగ ఇళ్ల ఆడవాళ్లే ఆ పని చేశారు. "మంత్రసాని పనికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి" అని సామెత. నవ్వుకుంటూ చెప్పే ఈ సామెతలో ఒక హుకుం ఉంది. ఒప్పుకున్నావు కదా, ఇక నోరెత్తకు అని.

మిషన్ దవాఖానలు వచ్చాక ఈ పనికి చదువు, జీతం, తెల్ల బట్టలు వచ్చాయి. గుంటూరులో అన్నా కుగ్లర్ దవాఖాన 1898లో తెరుచుకుంది. మెదక్‌లో వెస్లియన్ మిషన్ వాళ్లు ఆడవాళ్లకు వైద్యం మొదలుపెట్టారు. డిచ్‌పల్లిలో ఇసాబెల్ కెర్ కుష్ఠు దవాఖాన మొదలైంది 1915లోనే, మన కోరంటి పుట్టిన ఏడాదే. పెద్ద కులాల ఇళ్లు ఆడపిల్లల్ని ఈ పనికి పంపడానికి జంకాయి. క్రైస్తవంలోకి వచ్చిన మాల, మాదిగ ఇళ్ల ఆడపిల్లలు వెళ్లారు. అక్కడా పైన తెల్ల దొరసానమ్మ, కింద మన పిల్ల అన్న మెట్లు ఉన్నాయి, దాచొద్దు. అయినా వాడ నుంచి బయటికొచ్చి, సొంత జీతం తీసుకుని, చెల్లెళ్లను తమ్ముళ్లను చదివించిన తరం అది. మనలో ఎంతో మంది చదువుల వెనక ఒక నర్సు చిన్నమ్మ జీతం ఉంటుంది.

దేశం మాత్రం ఆ పనికి విలువ కట్టలేదు. 1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే 43,000 మందికి ఒక నర్సు తేలింది. డాక్టరు 6,300 మందికి ఒకరు. నర్సుల బతుకులు, వసతులు, జీతాలు బాగుపడకపోతే ఎవరూ ఈ పనిలోకి రారని ఆ కమిటీ అప్పుడే హెచ్చరించింది.

ఇక మన కళ్ల ముందు జరిగిన చరిత్రకు వద్దాం.

2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టి 200 ఏళ్లు అయిందని. ఆ ఏడాది మార్చి 2న తెలంగాణలో మొదటి కరోనా కేసు తేలింది. మార్చి 22న చప్పట్లు, పళ్లేల మోతలు. మే 3న గాంధీ ఆసుపత్రి మీద వాయుసేన హెలికాప్టర్ పూలు చల్లింది.

మా చిన్నమ్మ బిడ్డ అప్పుడు ఒక సర్కారు దవాఖానలో ఔట్‌సోర్సింగ్ నర్సు. అశోక్‌నగర్‌లో ఒక గదిలో ఇంకో ఇద్దరితో కిరాయికి ఉండేది. పూలు చల్లిన వారంలోనే ఇంటి ఓనరు గది ఖాళీ చేయమన్నాడు. "మీరు మంచోళ్లే అమ్మా, కానీ ఇంట్ల ముసలోళ్లున్నరు" అన్నాడు. అక్క ఫోన్‌లో ఏడవలేదు. "తమ్మీ, నీళ్ల బిందె కాడ మన అవ్వకు చెప్పిన మాట గిట్లనే ఉండె కదరా" అన్నది. ఆ మాట నాకు ఇప్పటికీ ముల్లు లాగా ఉంది.

డ్యూటీ గురించి అక్క చెప్పినవి మళ్లీ రాస్తున్నా. పీపీఈ కిట్ వేసుకుంటే ఆరు గంటలు నీళ్లు లేవు, మూత్రానికి పోవడం లేదు. కిట్ విప్పితే ఇంకోటి ఇవ్వరు. నెలసరి రోజుల్లో ప్యాడ్ మార్చుకునే దారి లేక డబుల్ ప్యాడ్లు, పైన డైపర్. చనిపోయేవాళ్లకు చివరి మాట చెప్పింది నర్సులే, వీడియో కాల్‌లో ఇంటివాళ్లను చూపించింది నర్సులే. రాత్రి డ్యూటీ దిగాక ఆ ముఖాలు నిద్ర పోనివ్వవు. దాని గురించి అక్కను ఎవరూ ఏమీ అడగలేదు.

2020 జులైలో గాంధీలో ఔట్‌సోర్సింగ్ నర్సులు సమ్మెకు దిగారు. ఏళ్ల తరబడి పనిచేస్తున్న వాళ్ల జీతం 17,500. కొత్తగా తీసుకునే వాళ్లకు 25,000. ఒకే వార్డు, ఒకే వైరస్, రెండు ధరలు. మహమ్మారి టైమ్‌లో సమ్మెనా అని చాలామంది తిట్టారు. అదే మంత్రసాని సామెత, కొత్త గొంతులో. కానీ వాళ్లు నిలబడ్డారు. జీతం 25,000 అయింది, నర్సులకు రోజుకు 750 రూపాయల ప్రోత్సాహకం ఒప్పుకున్నారు. వాళ్లతో పాటు గొంతెత్తిన నాలుగో తరగతి, సఫాయి, సెక్యూరిటీ కార్మికులకు రోజుకు 300. పూలు అడక్కుండానే వచ్చాయి, ఈ 7,500 కోసం రోడ్డెక్కాల్సి వచ్చింది. ఇది గుర్తుపెట్టుకోండి.

సరిగ్గా ఏడాదికి, రెండో వేవ్ చితి మంటలు చల్లారాక, 2021 జులైలో 1,640 మంది ఔట్‌సోర్సింగ్ నర్సులను తీసేశారు. వాళ్లు ప్రగతి భవన్ ముందుకు వెళ్తే పోలీసులు వ్యాన్లు ఎక్కించారు. రెగ్యులర్ వాళ్లు వచ్చారు కాబట్టి మీరు వెళ్లండి అన్నది సర్కారు తర్కం. ఆ పోస్టుల నోటిఫికేషన్ 2017 నాటిది. నాలుగేళ్లు భర్తీ నాన్చింది ఎవరు, శిక్ష పడింది ఎవరికి?

ఔట్‌సోర్సింగ్ అంటే నా దృష్టిలో కొత్త వెట్టి. రోగం ఉన్నప్పుడు రా, రోగం పోయాక పో. ఊళ్లో గొడ్డు చచ్చినప్పుడు మాత్రమే వాడ గుర్తొచ్చినట్టు.

ఆ తర్వాత మా అక్క మళ్లీ ఇదే గల్లీకి వచ్చింది, ఈసారి విద్యార్థిగా. 2022 డిసెంబర్‌లో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ పడింది. తర్వాత అవి 7,094 అయ్యాయి. 2023 ఆగస్టు 2న పరీక్ష. 80 మార్కులు పరీక్షకు, 20 మార్కులు సర్కారు దవాఖానల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు. ఆ 20 మార్కులు దయ కాదు, వార్డుల్లో పెట్టిన ప్రాణానికి లెక్క. ప్రైవేటు కోవిడ్ వార్డుల్లో చచ్చేంత పని చేసినవాళ్లకు ఆ లెక్క కూడా దక్కలేదు. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మందికి నియామక పత్రాలు ఇచ్చారు. అందులో మా అక్క పేరు ఉంది. లైబ్రరీ ముందు నన్ను నిలదీసిన చెల్లె పేరు లేదు. ఆమె ఇంకా చదువుతూనే ఉంది.

నర్సులకు ఏం కావాలి? వాళ్లు చెప్పిందే రాస్తున్నా. ఒకటి, పర్మనెంట్ పోస్టులు. రెండు, నర్సింగ్ కౌన్సిల్ చెప్పిన లెక్క ప్రకారం మనుషులు: బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒకరు, ఐసీయూలో ఒక్కరికి ఒకరు. మూడు, ప్రైవేటులో న్యాయమైన జీతం. 2016లో సుప్రీంకోర్టు చెబితే వేసిన కమిటీ, చిన్న ఆసుపత్రిలోనైనా 20,000కు తగ్గొద్దని, 200 పడకలు దాటితే సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. అమలు చేయించడమే మిగిలింది. నాలుగు, మహమ్మారి వచ్చిన రోజు నుంచే ఉండటానికి వసతి, అంటుకుంటే జీతంతో సెలవు, చనిపోతే ఇంట్లో ఒకరికి కొలువు. ఐదు, మనసుకు వైద్యం.

ఇందులో ఒక్కటీ కొత్త కోరిక కాదు. వసతి, జీతం గురించి 1946లోనే రాసి ఉంది.

అశోక్‌నగర్ తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, రేపు మీలో కొందరు ఫైళ్ల మీద సంతకం పెట్టే కుర్చీల్లో కూర్చుంటారు. అప్పుడు మీ ముందుకు ఔట్‌సోర్సింగ్ నర్సుల ఫైలు వస్తుంది. కోరంటి దవాఖాన గోడ మీద ఎవరి పేరుందో, ఎవరి పేరు లేదో గుర్తుచేసుకుని సంతకం పెట్టండి.

వచ్చే భాగంలో నాలుగో తరగతి కార్మికుల గురించి, కరోనా పీనుగులను మోసిన చేతుల గురించి రాస్తాను.

జై భీమ్. జై సావిత్రిబాయి.