కారు హీటరు ఫ్యాను

కారులో వేడి పుట్టించేది ఒకటి, ఆ వేడిని మనిషి దాకా తోసేది మరొకటి. ఈ రెండూ ఒకేసారి రాలేదు. తొలి కార్లకు చుట్టూ తలుపులు, అద్దాలు కూడా ఉండేవి కావు. చలిదేశాల్లో గుర్రపు బగ్గీల నాటి అలవాటే వాటిలోనూ సాగింది: ఒళ్లో మందపాటి కంబళి, కాళ్ల కింద నిప్పుకణికలు నింపిన రేకు పెట్టె. షికాగోకు చెందిన మార్గరెట్ విల్‌కాక్స్ 1893లో హీటరుకు పేటెంటు పొందింది. కారు హీటరును కనిపెట్టిన మహిళగా ఆమెను తరచూ చెబుతుంటారు గానీ, ఆ పేటెంటు రైలు పెట్టెలకు సంబంధించినది.

1920లలో నాలుగు వైపులా మూసిన కార్లు పెరిగాయి. ఇంజన్ పొగ గొట్టం వేడినే లోపలికి మళ్లించడం అప్పటి పద్ధతి. ఫోర్డు మోడల్ ఏ కారుకు విడిగా కొని బిగించుకునే హీటరు ఈ రకానిదే. దానికి వేరే మోటారు ఉండదు. ఇంజన్ ముందున్న ఫ్యాను గాలే గొట్టం మీదుగా వేడెక్కి లోపలికి వచ్చేది. ఎక్కడైనా గ్యాస్కెట్ లీకైతే మాత్రం వెచ్చదనంతో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా వచ్చేది. చవకైన ఏర్పాటే, కానీ ప్రమాదకరం.

1930 ప్రాంతంలో వేడినీటి హీటర్లు వ్యాపించాయి. ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లను రబ్బరు గొట్టాలతో డ్యాష్‌బోర్డు కింద ఒక చిన్న రేడియేటరుకు తెచ్చారు. అది తన చుట్టూ ఉన్న గాలిని వేడిచేయగలదు గానీ దాన్ని కదిలించలేదు. అందుకే వెనక ఒక ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టారు. హీటరు ఫ్యాను చరిత్ర నిజానికి ఇక్కడే మొదలు. తొలి ఫ్యాన్లు కారు లోపలి గాలినే తిప్పేవి; ఊపిరి తేమకు అద్దాలు మసకబారేవి. అమెరికాలోని నాష్ కంపెనీ 1938లో బయటి గాలిని వడగట్టి, వేడిచేసి లోపలికి తోసే ఏర్పాటు తెచ్చింది. మరుసటి ఏడు థర్మోస్టాట్ చేర్చి దానికి వెదర్ ఐ అని పేరు పెట్టింది. నేటి కార్ల హీటర్లకు మూలం ఇదే.

1950ల మధ్యకల్లా అమెరికన్ కార్లు 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు మారాయి. అంతే శక్తికి సగం కరెంటు చాలు కాబట్టి పెద్ద బ్లోవర్ (హీటరు ఫ్యాను) మోటార్లు పెట్టడం సులువైంది. వేగం తగ్గించడానికి మోటారుకు వరసలో రెసిస్టర్లు కలిపారు. అవి వేడెక్కుతాయి గనక బ్లోవర్ గాలి తగిలే చోటే బిగించారు. ఈ ఏర్పాటు దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు. ఫ్యాను ఆగినప్పుడు మెకానిక్ వెతికే దారి కూడా దీన్నిబట్టే ఏర్పడింది.

తక్కువ వేగాలన్నీ పోయి, అన్నిటికన్నా ఎక్కువ వేగంలో మాత్రమే ఫ్యాను తిరిగితే లోపం సాధారణంగా రెసిస్టర్‌లోనే. ఆ వేగంలో కరెంటు దాన్ని దాటుకుని నేరుగా మోటారుకు వెళుతుంది. ఏ వేగంలోనూ తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే చూడాలి. ఆ పైన మోటారు కనెక్టర్ దగ్గర టెస్ట్ ల్యాంప్ పెట్టాలి. కరెంటు వస్తోంది, ఎర్త్ కూడా బాగుంది, అయినా మోటారు కదలలేదంటే కార్బన్ బ్రష్‌లు అరిగాయనో, మోటారు జామ్ అయిందనో అర్థం. తట్టగానే కాసేపు తిరిగి మళ్లీ ఆగితే బ్రష్‌ల మీదే అనుమానం. కనెక్టర్ ప్లాస్టిక్ కరిగి ఉంటే మోటారు ఎక్కువ కరెంటు లాగుతోందేమో చూడాలి. అప్పుడు రెసిస్టర్ ఒక్కటే మారిస్తే కొత్తది కూడా కాలిపోవచ్చు. మళ్లీ మళ్లీ పోతున్న ఫ్యూజు స్థానంలో పెద్ద ఆంపియర్లది పెడితే వైర్లు కాలతాయి. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూ గాలి మాత్రం రాకపోతే, క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోయి ఉండవచ్చు.

ఏసీ గాలిని తోసేది కూడా ఈ బ్లోవరే. అందుకే తెలుగునాట దీని లోపం చలికాలంలో కన్నా మండుటెండల్లో, ఏసీ పాడైందన్న ఫిర్యాదుగా గ్యారేజీకి చేరుతుంది. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో ఇప్పుడు రెసిస్టర్లకు బదులు ట్రాన్సిస్టర్ మాడ్యూల్ వేగాన్ని నియంత్రిస్తోంది. అది చెడితే ఫ్యాను అసలు తిరగకపోవచ్చు, లేదా తాళం తీసినా ఆగకపోవచ్చు. అలాంటి కారులో వేగాల తేడా చూసి లోపం పోల్చుకునే పాత పద్ధతి పనిచేయదు, మీటరుతో కొలవాల్సిందే.