అనాథ అనే మాట



1990ల చివర నేను ఏడవ తరగతికి తెలుగు బోధిస్తున్న రోజులవి. సమాసాలు చెబుతూ 'నాథుడు లేనివాడు అనాథ' అని నల్లబల్లపై విగ్రహవాక్యం రాశాను. ఒక ఆశ్రమం నుండి మా బడికి వచ్చే పిల్లవాడు లేచి నిలబడ్డాడు. "సార్, మా అమ్మున్నది గద. మరి రిజిస్టర్ల నన్ను అనాథ అని ఎందుకు రాసిన్రు?" అన్నాడు. తండ్రి పోయాడు. తల్లి మార్కెట్టులో మిరపకాయల తొడిమలు తీసే కూలి. నేను "కూర్చో నాయనా" అని పాఠం కొనసాగించాను. సమాధానం తోచకనే అలా చేశాను.

ఆ రాత్రి నిఘంటువు తిరగేశాను. నాథుడంటే రక్షకుడు, భర్త కూడా. కనుక సంస్కృతంలో తండ్రి లేని బిడ్డా, భర్త లేని స్త్రీ ఇద్దరూ అనాథలే. భాష ఆ తల్లీబిడ్డలను ఒకే మాట కింద ఉంచింది. వేరు చేసినది రిజిస్టరు.

ఈ వేరుపాటు మనకు ఎప్పటి నుండి వచ్చిందా అని అప్పటి నుండి ఆలోచిస్తూనే ఉన్నాను. మా ఓరుగల్లును ఏలిన కాకతీయుల నాటి మల్కాపుర శాసనం 1261 నాటిది. గణపతిదేవుడు మందడం గ్రామాన్ని, రుద్రమదేవి వెలగపూడిని గోళకీ మఠాచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యునికి ఇచ్చిన సంగతి అందులో ఉన్నది. (వెలగపూడి అంటే నేటి ఆంధ్రప్రదేశ్ సచివాలయమున్న ఊరే.) ఆ ఆదాయంతో నడిచిన వాటిలో పాఠశాల, అన్నసత్రం, ఆరోగ్యశాలలతో పాటు ఒక ప్రసూతిశాల కూడా ఉన్నది. ఏడున్నర శతాబ్దాల క్రితం కాన్పు కోసం ఒక ఇల్లు, దానికి ఊరి ఆదాయం! దీనిని నేటి సంక్షేమ రాజ్యంతో పోల్చి మురిసిపోయేవారితో నేను ఏకీభవించను. అది మఠ ధర్మం, దానికి దాని హద్దులున్నాయి. అయినా ప్రసూతిశాలలో తల్లిని విడిచి బిడ్డను చూడడమన్నది సాధ్యం కాదు కదా. నాకు నచ్చినది అదే.

మా మట్టెవాడ వాసులకు చందా కాంతయ్య స్మారక ప్రసూతి ఆసుపత్రి, అనగా సి.కె.ఎం., తెలియనిది కాదు. దాత పేరుతో నిలిచిన ఆ ఆసుపత్రి మీదుగా వెళ్ళినప్పుడల్లా నాకు మల్కాపురమే గుర్తుకు వస్తుంది.

బిడ్డను మాత్రమే చేర్చుకునే పెద్ద భవనాలు మనకు తరువాతి కాలపువి. హైదరాబాదు రాజ్యంలో విక్టోరియా రాణి స్మారకంగా ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో సరూర్‌నగర్‌లో వెలసిన అనాథాశ్రమాన్ని నేటికీ జనం 'వి.ఎం. హోం' అంటారు. అక్కడ చదివి పైకి వచ్చినవారు ఎందరో ఉన్నారు. వారికి అన్నం పెట్టిన ఇంటిని నేను తక్కువ చేయను. అటు మద్రాసు రాష్ట్రంలో 1920లోనే బాలల చట్టం వచ్చింది. చట్టాలు తరువాత చాలా వచ్చాయి, పేర్లు మారాయి.

తల్లి వైపు నుండి ఆలోచించినవారిలో నేను ముందుగా తలచుకునేది దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని. మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించిన ఆమె 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. చదువు మధ్యలో ఆగిన స్త్రీలకు తక్కువ కాలంలో పరీక్షకు తయారయ్యే తరగతులను ఆ మండలి 1958లో మొదలుపెట్టింది. తల్లికి నాలుగు డబ్బులు వచ్చే పని దొరికితే బిడ్డ ఇంట్లోనే ఉంటాడు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కూడా ఆ దారిదే. అంగన్‌వాడీలో గర్భిణికీ, బాలింతకూ, బిడ్డకూ ఒక్క చోటనే ఆహారం.

అయితే ఈ దారి అందరి గుమ్మం వరకూ చేరలేదు. 1999లోనూ, మరల 2001లోనూ మన లంబాడీ తండాల ఆడశిశువులను కొద్దిపాటి సొమ్ముకు కొని, విదేశీ దత్తతకు పంపుతున్న వ్యవహారం బయటపడింది. ఆ బిడ్డలలో చాలామందికి తల్లీ ఉన్నది, తండ్రీ ఉన్నాడు. కాగితం మీద మాత్రం తల్లిదండ్రులు 'అప్పగించిన' బిడ్డలు. పేదరికం కారణంగా బిడ్డను వదులుకోవడాన్ని అనుమతించరాదని 2001లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. పేదరికం మాత్రం ఉత్తర్వుతో పోలేదు.

2015 నాటి బాలల న్యాయ చట్టం, సంస్థలో చేర్చడం చివరి మార్గమేనని స్పష్టంగా చెప్పింది. 2022 నాటి మిషన్ వాత్సల్య నియమాలలో, ఇంటనే ఉండే అర్హులైన పిల్లలకు నెలకు 4000 రూపాయల ఆసరా ఉన్నది. చదివినప్పుడు నాకు ఆ మిరపకాయల తల్లి గుర్తుకు వచ్చింది. ఆదివారాలు జామకాయలు ఒడిలో కట్టుకుని కొడుకును చూడవచ్చేది. "ఎందుకమ్మా అక్కడ వేశావు, మీ వాడకట్టులోనూ బడి ఉన్నది కదా?" అని ఒకనాడు అడిగాను. "బడి కోసం కాదు సారూ, బువ్వ కోసం" అన్నది.

నేను పదవీ విరమణ చేసే నాటికి ఆ రిజిస్టరులోని గడి పేరు మారింది. 'సెమీ ఆర్ఫన్' అని కొత్తది వచ్చింది. పండితుణ్ణి కదా అని, దీనికి తెలుగు చెప్పమని ఒక సహోపాధ్యాయుడు అడిగాడు. నేను చెప్పలేదు.