రాష్ట్రపతి పదవికి మహిళా అభ్యర్థి: విధానసౌధ ఓటరు కోణం నుంచి ఒక పరిశీలన

సారాంశం

భారత రాష్ట్రపతి ఎన్నికలో మహిళా అభ్యర్థి గెలుపోటములను నిర్ణయించేది ఓటరు అభిప్రాయమా, ఆమెను నిలబెట్టిన కూటమి బలమా? కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభల మొగ్గు ఆధారంగా, 1969లో బెంగళూరులో రాజుకున్న వివాదం నేపథ్యంలో ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. మహిళ అవకాశం పోలింగుకు ముందే తేలిపోతోందనీ, అది మారాలంటే ఓటర్లలోనే మహిళల సంఖ్య పెరగాలనీ ప్రతిపాదిస్తుంది.

ఓటరు ఎవరు?

ఐస్‌లాండ్ ప్రజలు 1980లో విగ్దిస్ ఫిన్‌బొగదోత్తిర్‌ను, శ్రీలంక ప్రజలు 1994లో చంద్రికా కుమారతుంగను నేరుగా అధ్యక్షులుగా ఎన్నుకున్నారు. ఒక మహిళ దేశాధ్యక్షురాలు కావడం గురించి సామాన్య ఓటరు ఏమనుకుంటున్నాడో అక్కడ బ్యాలెట్ పెట్టె చెప్పింది. బెంగళూరు పౌరునికి ఆ వీలు లేదు. అతని తరఫున ఓటువేసేది పార్లమెంటు సభ్యుడు, శాసనసభ్యుడు. 1971 జనాభా లెక్కల ప్రకారం కర్ణాటక శాసనసభ భవనమైన విధానసౌధలో ఓటువేసే ఒక్కో శాసనసభ్యుని ఓటు విలువ 131. మొత్తం 224 మందికి కలిపి 29,344. ఆంధ్రప్రదేశ్‌లో ఓటు విలువ 159, తెలంగాణలో 132.

ఈ ఎన్నికలో పార్టీలు విప్ జారీ చేయడానికి వీల్లేదు. ఓటు రహస్యం. అంటే చట్టం దృష్టిలో ఇంత స్వేచ్ఛ ఉన్న ఓటరు మన చట్టసభల్లో అరుదు. ఆ స్వేచ్ఛ ఎంతవరకు వినియోగమైందన్నదే అసలు ప్రశ్న.

ఫలితాలు చెప్పేది

1967లో పోటీచేసిన 17 మందిలో మనోహరా హోల్కర్ ఒకరు. ఆమెకు ఒక్క ఓటూ రాలేదు. 1977లో మొరార్జీ దేశాయి ప్రతిపాదనను రుక్మిణీదేవి అరండేల్ సున్నితంగా కాదన్నారు. చివరికి నీలం సంజీవరెడ్డి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 2002లో వామపక్షాలు నిలిపిన కెప్టెన్ లక్ష్మీ సెహగల్‌కు 1,07,366 విలువైన ఓట్లు రాగా, అబ్దుల్ కలాంకు 9,22,884 వచ్చాయి.

ఆ తర్వాత ఒక మహిళ ప్రధాన అభ్యర్థిగా నిలిచిన మూడు ఎన్నికలను పక్కపక్కన పెట్టి చూడాలి. 2007లో ప్రతిభా పాటిల్ 65.82 శాతంతో గెలిచారు. 2017లో మీరా కుమార్‌పై రామ్‌నాథ్ కోవింద్ 65.65 శాతంతో నెగ్గారు. 2022లో ద్రౌపదీ ముర్ముకు 64.03 శాతం వచ్చింది. మహిళ గెలిచినా ఓడినా విజేత వాటా దాదాపు ఒక్కటే. ఓటర్లు అభ్యర్థి స్త్రీయా పురుషుడా అని చూసి ఓటువేసి ఉంటే ఈ అంకెలు ఇంత దగ్గరగా ఉండేవి కావు.

రాష్ట్రాలవారీగా చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. 2017లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ నుంచి మీరా కుమార్‌కు ఒక్క ఓటూ పడలేదు. 2022లో అదే శాసనసభ నుంచి ముర్ము ప్రత్యర్థి యశ్వంత్ సిన్హాకు ఒక్క ఓటూ పడలేదు. తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీలు రెండూ రెండుసార్లూ కేంద్రంలోని అధికార కూటమి వైపే నిలబడటమే కారణం. తెలంగాణలో తెరాస మొదట కోవింద్‌ను, తర్వాత సిన్హాను బలపరచింది. కర్ణాటకలో మెజారిటీ రెండుసార్లూ మహిళకే దక్కింది. 2017లో అక్కడ కాంగ్రెస్, 2022లో భాజపా అధికారంలో ఉన్నాయి. జనతాదళ్ (ఎస్) 2017లో మీరా కుమార్‌ను, 2022లో ముర్మును సమర్థించింది. వీటిని బట్టి కర్ణాటక స్త్రీ పక్షమనీ, తెలంగాణ స్త్రీ వ్యతిరేకమనీ తీర్పు చెప్పడం పొరపాటు. ఎక్కడా స్త్రీత్వం ఓటును కదిలించలేదు.

మరి కూటమి గీత దాటిన ఓట్లు లేవా? ఉన్నాయి. భాజపా నాయకత్వంలోని ఎన్డీయేలో ఉన్న శివసేన మరాఠీ బిడ్డ అని కాంగ్రెస్ కూటమి అభ్యర్థి ప్రతిభా పాటిల్‌కు ఓటేసింది. కాంగ్రెస్‌తో కలిసి ప్రభుత్వం నడుపుతున్న జార్ఖండ్ ముక్తి మోర్చా ఆదివాసీ అభ్యర్థి అని ముర్ము వైపు నిలిచింది. ప్రాంతం, సామాజిక వర్గం గీతలు చెరపగలిగాయి. స్త్రీ కావడం మాత్రమే ఆ పని చేసిన ఉదాహరణ ఈ మూడు ఎన్నికల్లో కనిపించదు.

బెంగళూరు 1969: ఆత్మప్రబోధం

పార్టీ నిర్ణయాన్ని ఓటర్లు పెద్దఎత్తున ధిక్కరించిన ఎన్నికకు బీజం బెంగళూరులోనే పడింది. 1969 మే 3న జాకిర్ హుస్సేన్ మరణించారు. జూలైలో కాంగ్రెస్ మహాసభ కోసం నాయకులంతా ఈ నగరంలో ఉన్నప్పుడు పార్లమెంటరీ బోర్డులో ఇందిరాగాంధీ జగజీవన్ రామ్ పేరు ప్రతిపాదించారు. మెజారిటీ మాత్రం సంజీవరెడ్డిని ఎంపికచేసింది. ఇందిర ఆత్మప్రబోధం ప్రకారం ఓటువేయమని పిలుపునిచ్చారు. స్వతంత్ర అభ్యర్థి వి.వి.గిరి రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపు తర్వాత 4,20,077 ఓట్లతో నెగ్గారు. సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. ఇద్దరూ తెలుగువారే. తేడా 14,650.

నలభై ఎనిమిదేళ్ల తర్వాత ఆ జగజీవన్ రామ్ కుమార్తె మీరా కుమార్ కూడా ఆత్మప్రబోధాన్నే ఆశ్రయించి ఓటర్లకు లేఖ రాశారు. లోక్‌సభకు తొలి మహిళా స్పీకర్‌గా పనిచేసిన ఆమెకు అర్హత కొరత లేదు. బిహార్‌లో అప్పటికి కాంగ్రెస్ మిత్రపక్షంగా ఉన్న జనతాదళ్ (యు) సైతం ఆ రాష్ట్ర ఆడపడుచును కాదని, అక్కడ గవర్నర్‌గా చేసిన కోవింద్‌కే ఓటేసింది. 1969 పిలుపు వెనుక ప్రధానమంత్రి అధికారం ఉంది. 2017 పిలుపు వెనుక నైతిక బలం మాత్రమే ఉంది. ప్రబోధానికి అధికారం తోడైనప్పుడే ఓటరు గీత దాటాడన్నది చేదు నిజం.

ఓటర్లలో స్త్రీలెందరు?

గెలిచిన ఇద్దరు మహిళలూ రాజ్‌భవన్ మీదుగానే రాష్ట్రపతి భవన్ చేరారు. పాటిల్ రాజస్థాన్‌కు, ముర్ము జార్ఖండ్‌కు గవర్నర్లు. బెంగళూరు రాజ్‌భవన్‌లోనూ 1999 నుంచి 2002 వరకు మన తెలుగు మహిళ, దేశ తొలి మహిళా ప్రధాన ఎన్నికల కమిషనర్ వి.ఎస్. రమాదేవి ఉన్నారు. నియామకంతో వచ్చే గౌరవ పదవులు స్త్రీలకు అందుతున్నాయి. ఎన్నికతో వచ్చే అధికారం అందడం లేదు. కర్ణాటకకు గానీ, రెండు తెలుగు రాష్ట్రాలకు గానీ ఇంతవరకు మహిళా ముఖ్యమంత్రి లేరు. 2023 ఎన్నికల్లో కర్ణాటకలో 224 స్థానాలకు గెలిచిన మహిళలు 10 మంది.

ముగింపు

రాష్ట్రపతి పదవికి మహిళ అవకాశాన్ని ఓటరు ఇంతవరకు నిజంగా తూచలేదు. అభ్యర్థిని ఎంచే నలుగురైదుగురు నాయకులే తూచారు. 2023లో పార్లమెంటు ఆమోదించిన మహిళా రిజర్వేషన్ చట్టం జనగణనతో, నియోజకవర్గాల పునర్విభజనతో ముడిపడి ఉంది. ప్రస్తుత సంఖ్యతో లెక్కిస్తే మూడోవంతు అంటే విధానసౌధలో దాదాపు 75 మంది. వారూ పార్టీ మాటే వినవచ్చు. కానీ ఓటర్లలో మూడోవంతు స్త్రీలున్నప్పుడు అభ్యర్థిని ఎంచే గదిలో వారిని అడగకుండా నిర్ణయం తీసుకోవడం ఏ పార్టీకైనా కష్టమవుతుంది. 1969 పాఠం అదే: ఆత్మప్రబోధం నిలవాలంటే దాని వెనుక అధికారం కావాలి, అది లేనప్పుడు సంఖ్యాబలం కావాలి. ఆ బలాన్ని శాసనసభలకు పంపగలిగింది సామాన్య ఓటరే. రాష్ట్రపతి ఎన్నికలో అతనికి ఓటు లేకపోయినా, ఆ ఓటు వేసేవారిలో స్త్రీలెందరుండాలో నిర్ణయించే హక్కు అతని చేతిలోనే ఉంది.