ఇరవై నిమిషాల ఆకాశం

2011 అక్టోబరు 21. జర్మనీలో థామస్ సెంకెల్ అనే భౌతికశాస్త్రవేత్త పదహారు చిన్న ప్రొపెల్లర్ల నడుమ అమర్చిన సీటులో కూర్చున్నారు. కింద చక్రాలు లేవు, ఒక పెద్ద వ్యాయామ బంతి ఉంది. మోటార్లు వేగం అందుకోగానే యంత్రం నిలువునా లేచి, తొంభై సెకన్ల పాటు గాలిలో ఉండి దిగింది. మనిషిని మోసిన తొలి ఎలక్ట్రిక్ మల్టీకాప్టర్ అదే. అంతకు పదహారు రోజుల ముందు కెనడాలోని అంటారియో రాష్ట్రం వార్క్‌వర్త్‌లో మార్కస్ లెంగ్ అనే ఇంజినీరు తాను తయారుచేసుకున్న రెక్కల ఎలక్ట్రిక్ యంత్రంలో కూర్చుని నేల విడిచారు.

ఒకే నెలలో రెండు ఖండాల్లో ఇలా జరగడం కాకతాళీయం కాదు.

సొంతంగా ఎగరాలన్న కోరిక అంతకు ముందూ ఉంది. 1949లో మోల్ట్ టేలర్ అమెరికాలో రోడ్డు మీదా, గాలిలోనూ వెళ్లగల ఏరోకార్‌ను తయారుచేశారు. దానికి రన్‌వే కావాలి, చివరికి ఆరు బళ్లే తయారయ్యాయి. 1961లో బెల్ సంస్థ రాకెట్ బెల్టు వచ్చింది. వీపుకు తగిలించుకుంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి మనిషిని పైకి లేపేది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో బిల్ సూటర్ అలాంటి బెల్టుతో ఎగిరి స్టేడియంలో దిగితే లోకమంతా నోరు తెరుచుకుని చూసింది. కానీ ఇంధనం ఇరవై ఒక్క సెకన్లకే అయిపోయేది.

2011 నాటికి పరిస్థితి మారింది. స్మార్ట్‌ఫోన్ల పుణ్యమా అని వంపును, కదలికను పసిగట్టే సెన్సర్లు చవకయ్యాయి. లిథియం బ్యాటరీలు మెరుగుపడ్డాయి. హెలికాప్టర్‌లో తిరుగుతున్న రెక్కల కోణాన్ని క్షణక్షణం మార్చే సంక్లిష్టమైన యంత్రాంగం ఉంటుంది. మల్టీకాప్టర్‌కు ఆ అవసరం లేదు. కంప్యూటరు ఒక్కో మోటారు వేగాన్ని సెకనులో ఎన్నోసార్లు సరిచేస్తూ బ్యాలెన్స్ చూసుకుంటుంది. ఒక మోటారు ఆగినా మిగతావి మోస్తాయి. నడిపేవాడికి ఏళ్ల తరబడి అభ్యాసం అక్కర్లేకపోవడమే అసలైన విప్లవం.

మరి ఇవి రోజువారీ ప్రయాణానికి పనికొస్తాయా? దీన్ని తేల్చడానికి బోయింగ్ అండతో గోఫ్లై అనే పోటీ జరిగింది. మొత్తం బహుమతులు ఇరవై లక్షల డాలర్లు. ఒక మనిషిని ఇరవై మైళ్లు, అంటే 32 కిలోమీటర్లు మోయాలి. యంత్రం ఎనిమిదిన్నర అడుగులు మించకూడదు, చప్పుడు యాభై అడుగుల దూరంలో 87 డెసిబెల్స్ దాటకూడదు. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని మోఫెట్ ఫీల్డ్‌లో తుది పోటీ పెట్టారు. పది లక్షల డాలర్ల ప్రధాన బహుమతిని ఏ జట్టూ అందుకోలేకపోయింది. జపాన్ జట్టు టెట్రాకు మాత్రం లక్ష డాలర్ల ప్రత్యేక పురస్కారం దక్కింది.

చిక్కంతా బరువులో ఉంది. కిలో పెట్రోలులో దాదాపు 12,000 వాట్-అవర్ల శక్తి ఉంటే, మంచి లిథియం బ్యాటరీ కిలోకు 250 దగ్గర ఆగుతుంది. ఎలక్ట్రిక్ మోటారు ఇంజిన్ కన్నా పొదుపరి అయినా ఈ అగాధం పూడదు. పైగా నిలువుగా లేవడానికి, దిగడానికే అత్యధిక శక్తి కావాలి. బ్యాటరీ నీరసించాక దిగాల్సి రావడం దీనిలోని అతి పెద్ద ప్రమాదం. స్వీడన్‌లో పుట్టి ఇటలీకి మారిన జెట్సన్ సంస్థ యంత్రం జెట్సన్ వన్‌కు రెక్కలు లేవు. అది ఆద్యంతం ఎనిమిది మోటార్ల బలం మీదే వేలాడుతుంది, ఇరవై నిమిషాలకు దిగాల్సిందే. లెంగ్ ముందొకటి, వెనకొకటి రెక్కలు పెట్టారు. యంత్రం గాలిలోకి లేచాక మొత్తంగా ముందుకు వాలి, రెక్కల మీద సాగిపోతుంది. ఆ ఆలోచనే హెలిక్స్ అనే యంత్రం అయింది. గంటకు వంద కిలోమీటర్ల వేగం, 32 కిలోమీటర్ల దూరం, 2024 జనవరిలో అమ్మకాలు మొదలైనప్పుడు ధర 1,90,000 డాలర్లు. నడిపే మనిషి వంద కిలోలు దాటకూడదు.

అమెరికాలో ఇలాంటి యంత్రాల వాడకం చట్టం కల్పించిన ఒక వెసులుబాటు మీద ఆధారపడి నడుస్తోంది. 1982 నాటి పార్ట్ 103 నిబంధన ప్రకారం ఒక్కరే కూర్చునే, ఖాళీ బరువు 115 కిలోలకు లోబడిన అల్ట్రాలైట్‌కు లైసెన్సు గానీ రిజిస్ట్రేషన్ గానీ అక్కర్లేదు. పారాచూట్, నీటి మీద తేలే తెప్పల బరువు విడిగా కలుపుకోవచ్చు. అయితే పగలే ఎగరాలి, ఊళ్ల మీద, జనసమూహాల మీద ఎగరకూడదు. కాబట్టి ఇంటి మేడ మీది నుంచి ఆఫీసు మేడ మీదికి అన్న కల ఈ నిబంధన దగ్గరే ఆగిపోతుంది. అలా ఆగడం మంచిదే. తక్కువ ఎత్తులో మోటార్లు ఆగితే పారాచూట్ విచ్చుకునే వ్యవధి కూడా ఉండదు. కింద నడిచేవాళ్ల ప్రాణాలకు ఎవరు పూచీ?

ఇవి పనికొచ్చే చోటు వేరే ఉంది. పొలాలు, సరస్సులు, వంతెన కొట్టుకుపోయిన వాగులు. ఆవలి గట్టున గాయపడ్డవాళ్ల దగ్గరికి ఒక వైద్య సహాయకుడు అయిదు నిమిషాల్లో చేరగలిగితే అది చాలా పెద్ద మేలు. కానీ గాయపడ్డ మనిషిని వెనక్కి తేవాలంటే రెండో సీటు కావాలి. రెండో సీటు పెడితే పార్ట్ 103 వర్తించదు. అప్పుడు విమానాలకు కావాల్సిన ధ్రువీకరణ తప్పదు. సెంకెల్ ఎగిరిన యంత్రంతో మొదలైన వోలోకాప్టర్ సంస్థ ఎంచుకున్న దారి అదే. రెండు సీట్లతో 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రయాణికులను ఎక్కించాలనుకుంది. అనుమతులు సకాలంలో రాలేదు. ఆ డిసెంబరులోనే దివాలా పిటిషన్ వేసింది.