రెండు దిక్కుల యాంటెనా

పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారి చరిత్రను వ్రాయు పెద్దలు శాసనములను, దేవాలయములను, వలసలను గూర్చి వ్రాయుదురు. అది యుక్తమే. కాని మన మిద్దెల మీద పాతిన యినుప గొట్టములు కూడ మన చరిత్రకు సాక్ష్యములే యని మేము తలచుచున్నాము. 1975 మొదలు ఇంచుమించు ఇరువది యేండ్ల కాలము ఏ యింటి యాంటెనా ఏ దిక్కునకు చూచుచుండెనో తెలిసినచో, సాయంకాలము ఆ యింట ఏ భాష వినబడుచుండెనో చెప్పవచ్చును. తిరుత్తణి ప్రాంతపు తెలుగు కుటుంబముల యనుభవమును ఆధారముగా గైకొని ఆ వృత్తాంతమును ఇచట విన్నవించుచున్నాము.

తిరుత్తణి పూర్వము చిత్తూరు జిల్లాలోనిది. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన తరువాత సరిహద్దు వివాదము తలయెత్తగా, పటాస్కరు గారి తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1న ఈ ప్రాంతము మద్రాసు రాష్ట్రమున చేరెను. బదులుగా సత్యవేడు ప్రాంతము ఆంధ్రకు వచ్చెను. పటములో గీత మారినది గాని మా ఇండ్లు కదలలేదు. నగరి, పుత్తూరు, తిరుపతులతో మా వియ్యములు యథాప్రకారముగనే సాగినవి. బడి, కచేరి, ఉద్యోగము మాత్రము తమిళమునకు మారినవి.

రేడియో కాలమున ఈ మార్పు మా చెవులకు అంతగా తెలియలేదు. మద్రాసు ఆకాశవాణి 1938 జూన్ 16న ప్రారంభమైన నాటినుండి తమిళ, తెలుగు భాషలు రెండింటికిని చోటిచ్చెను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసెను. మీడియం వేవు తరంగములు పగటివేళ నేలనంటి కొంత దూరమే పోవును. రాత్రివేళ ఆకాశమందలి విద్యుదావేశపు పొరలను తాకి తిరిగివచ్చి వందల మైళ్లు పోవును. అందుచేత రెండు వెదురు గడల నడుమ రాగితీగను కట్టి, దాని కొసను రేడియోకు తగిలించిన చాలును. భోజనముల వేళకు దూరపు తెలుగు కేంద్రములు కూడ పలుకుచుండెను. ఆ తీగకు దిక్కుతో అంత నిమిత్తము లేకుండెను.

టెలివిజను రాకతో ఈ సౌకర్యము పోయినది. మద్రాసు కేంద్రము 1975 ఆగస్టు 15న ప్రారంభమయ్యెను. హైదరాబాదు కేంద్రము 1977 అక్టోబరు 23న వెలసెను. కాని టెలివిజను తరంగము రేడియో తరంగము వలె ఆకాశమునుండి మరలి రాదు. అది ఇంచుమించు చూపు పారినంత మేరకే పోవును. కొండ అడ్డమైనచో క్షీణించును. దీనికొక లెక్క కలదు. ప్రసార స్తంభపు ఎత్తునకును, ఇంటి యాంటెనా ఎత్తునకును మీటర్లలో వర్గమూలములు కట్టి, రెండింటిని కూడి, 4.12తో గుణించినచో తరంగము సులభముగా చేరు దూరము కిలోమీటర్లలో వచ్చును. స్తంభము 100 మీటర్లు, యాంటెనా 9 మీటర్లు అనుకొన్నచో అది సుమారు 54 కిలోమీటర్లు. యాంటెనాను 16 మీటర్లకు లేపినచో 58. ఏడు మీటర్ల గొట్టమును అదనముగా నిలిపినందుకు దక్కినది నాలుగు కిలోమీటర్లే. మద్రాసు మాకు సూటిగా సుమారు 70 కిలోమీటర్లు. కావున మా భాగమునకు వచ్చినది అంచుననున్న బలహీనపు తరంగమే. హైదరాబాదు మాట తలపునకే రాలేదు.

ఆ బలహీనపు తరంగమును ఒడిసిపట్టుటకు అనేకమైన కడ్డీలు గల యాంటెనాను వాడుచుంటిమి. జపానుదేశమున ఉడా, యాగి అను ఆచార్యులు 1926లో లోకమునకు తెలిపిన నమూనా యిది. నడుమనున్న డైపోలు కడ్డీ నుండి తీగ క్రిందికి దిగును. దాని వెనుక కొంచెము పొడవైన కడ్డీ, ముందు వరుసగా పొట్టి కడ్డీలు ఉండును. పొట్టి కడ్డీల వైపు ప్రసార కేంద్రమునకు అభిముఖముగా నిలుపవలెను. చిన్న సంఖ్య గల చానెలునకు డైపోలు రెండు మీటర్లకు పైగా ఉండును. పెద్ద సంఖ్య గల చానెలునకు ముప్పాతిక మీటరు చాలును. గొట్టమును అణువంత త్రిప్పినను బొమ్మ మారిపోవును. కుమారుడు మిద్దె మీదినుండి “వచ్చిందా అమ్మా?” అని అడుగుటయు, తల్లి క్రిందినుండి “బొమ్మ వచ్చింది నాయనా, మాట రాలేదు” అని పలుకుటయు వీధి వీధిని వినబడుచుండెను. పెనుగాలి వీచిన మరునాడు ఊరిలో సగముమంది మిద్దెల మీదనే కనబడుచుండిరి.

తరువాతి కాలమున తిరుపతిలో ప్రసార కేంద్రము ఏర్పడి, హైదరాబాదు తెలుగు కార్యక్రమములు అందునుండి వెలువడసాగినవి. తిరుపతి మాకు ఉత్తరమున సూటిగా 55 కిలోమీటర్లు, మద్రాసు తూర్పున. అందుచేత తెలుగు ఇండ్ల మీద రెండవ యాంటెనా లేచెను. ఒకే గొట్టమున రెండింటిని బిగించి, నడుమ ఒక మీటరైనను ఎడము విడిచి, ఒకదానిని తూర్పునకు, ఒకదానిని ఉత్తరమునకు త్రిప్పుచుంటిమి. రెండు తీగలను కలిపి ఒకటిగా దింపరాదు. అట్లు చేసినచో ఒక యాంటెనా పట్టినదానిని రెండవది చెరచును. బొమ్మ ప్రక్కన నీడబొమ్మ నిలుచును. కావున రెండు తీగలను వేరువేరుగా దింపి, టెలివిజను ప్రక్కన రెండు దారుల స్విచ్చిని బిగింపవలసి వచ్చెను.

ఆ చిన్న స్విచ్చియే మా ఇండ్లలో భాషాసమస్యకు న్యాయస్థానమయ్యెను. శుక్రవారము సాయంకాలము మద్రాసున “ఒళియుం ఒలియుం”, హైదరాబాదున “చిత్రలహరి”. రెండును సినిమా పాటల కార్యక్రమములే. తమిళ బడిలో చదువు పిల్లలకు తోటివారు మరునాడు ముచ్చటించుకొను పాటలు కావలెను. అవ్వకు తెలుగు పాట, తెలుగు వార్తలు కావలెను. స్విచ్చి దగ్గర ఎవరు కూర్చుండిరో వారి భాష ఆ పూట ఇంట మ్రోగెను. 1982 ఆగస్టు 15న ఢిల్లీ జాతీయ కార్యక్రమము మొదలైన పిమ్మట, ఆ వేళకు ఏ దిక్కునకు త్రిప్పినను హిందీ, ఇంగ్లీషులే వచ్చుచుండెను. 1987లో రామాయణము వచ్చు ఆదివారపు ఉదయములందు ఏ యాంటెనాలో బొమ్మ తేటగా నున్నదో అదియే మా దిక్కు. అప్పుడు మాత్రము తగవు లేకుండెను.

ఈ స్థితి మా యొక్కరిదే కాదు. సరిహద్దునకు ఆవలి తడ, సూళ్లూరుపేటల వారు ఆంధ్రలోనే ఉండియు మద్రాసు తమిళ కార్యక్రమములను చూచిరి. హోసూరు తెలుగువారు తమిళనాట నుండియు, 1981లో సుమారు 40 కిలోమీటర్ల దూరమున బెంగళూరు కేంద్రము వెలయగా కన్నడమును చూచిరి. తరంగమునకు రాష్ట్రపు ఎల్ల తెలియదు. ఎత్తును, దూరమును మాత్రమే అది ఎరుగును. కాని ప్రతి స్తంభమును తన రాష్ట్రపు భాషనే పలికెను. ఈ రెండింటి నడుమ చిక్కినవారము మనమే.

1995లో ఈటీవీ, జెమిని మొదలైన తెలుగు చానెళ్లు ఉపగ్రహము ద్వారా రాగా, కేబులు తీగ ఇంటింటికి ప్రాకెను. పిదప చిన్న డిష్షులు వచ్చినవి. అవి చూచు దిక్కు ఉపగ్రహము వైపే గాని ఏ రాష్ట్రము వైపును కాదు. పాత కడ్డీలు ఇనుప సామానువారికి పోయినవి. 2022 నాటికి దూరదర్శను పాత పద్ధతి ప్రసార స్తంభములను దాదాపు అన్నింటిని నిలిపివేసెను. నేడు మా ఇండ్లలో తెలుగు రేయింబవళ్లు మ్రోగుచున్నది. దూరమను ఇబ్బంది తీరినది.

అయినను ఒక సంగతి చెప్పక తప్పదు. యాంటెనా మనకు వినికిడిని ఇచ్చెను, అక్షరమును ఇయ్యలేదు. 2006 నాటి చట్టము ననుసరించి తమిళనాట బడులలో తమిళము నిర్బంధ పాఠ్యమయ్యెను. తమిళము నేర్చుట మన బిడ్డలకు మేలే. ఈ నేలపై అన్నము పెట్టు భాష అది. కాని తెలుగు పాటను తప్పులేక పాడు మనుమడు తాత వ్రాసిన ఉత్తరమును చదువలేకున్నాడు. ఒకనాడు ఒక్క అరగంట తెలుగు కొఱకు ఎండలో మిద్దెనెక్కి గొట్టమును త్రిప్పిన తండ్రులు, నేడు అదే అరగంటను ఇంట కూర్చుండి మనుమలచే అక్షరములు దిద్దించుటకు వెచ్చింపవలెను. దీనికి ఏ స్తంభపు ఎత్తును అక్కరలేదు. ఒక పలకయు, ప్రక్కన కూర్చుండు పెద్దయు ఉన్న చాలును.